మందు వేసుకున్నాక ఒంటికి ఎండ పడకపోతే

స్క్రబ్ టైఫస్ జ్వరాలు మన దగ్గర ఎక్కువగా వానలు వెనకబట్టాక, చలి మొదలయ్యే రోజుల్లో కనిపిస్తాయి. పొలం గట్ల మీద, పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే ఈ జ్వరానికి డాక్టర్లు సాధారణంగా ముందు రాసేది డాక్సీసైక్లిన్. రెండు మూడు రోజుల్లో జ్వరం జారిపోతుంది. ఇంకా నాలుగు మాత్రలు మిగిలి ఉండగానే మనిషి పొలానికో, బండి మీద పనికో బయల్దేరతాడు. ఆ సాయంత్రం ముంజేతుల మీద, ముక్కు మీద, చెవుల అంచుల మీద ఒకటే మంట. నీళ్లు తగిలితే ఇంకా మంట. రెండు రోజులకు అక్కడ చర్మం కమిలి నల్లబడుతుంది. ఇంట్లో అందరూ అనేది ఒకటే మాట: "మందు వేడి చేసింది." ఇక మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరి నీళ్లు మొదలవుతాయి.

మందు చేసిందన్నది నిజమే. వేడి మాత్రం కాదు. ఎండ అనే ఒక్క మాటలో మనం రెండు సంగతులు కలిపేస్తాం: ఒళ్లు కాల్చే వేడి ఒకటి, కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలు రెండోది. రోహిణి కార్తె ఎండను తిట్టుకున్నా, సంక్రాంతి నెలలో నీరెండకు వీపు పెట్టుకుని కూర్చున్నా మన లెక్క వేడితోనే. వడదెబ్బ తప్పించుకోవడానికి ఆ లెక్క చాలు. మందుల వల్ల ఎండ పడకపోవడం వేరు, అక్కడ గొడవంతా కిరణాలతోనే. అందుకే వేడిని చూసి జాగ్రత్తపడే అలవాటున్న మనిషి చలికాలం మధ్యాహ్నం, మబ్బు పట్టిన పూట, ఏసీ కారులో కిటికీ పక్కన నిశ్చింతగా ఉండి దెబ్బ తింటాడు.

మజ్జిగ వల్ల నష్టమేమీ లేదు గానీ, డాక్సీసైక్లిన్ మాత్రతో పాటే తాగితే చిక్కుంది. పాలు, పెరుగులోని కాల్షియం ఆ మందు ఒంటికి సరిగా పట్టకుండా చేస్తుంది. రెంటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి.

చర్మంలో జరిగేది ఇది. రక్తంలో తిరిగే మందు చర్మంలోకీ చేరుతుంది. కొన్ని మందుల అణువులకు కిరణాల శక్తిని పట్టుకునే గుణం ఉంటుంది. పట్టుకున్న శక్తిని అవి ఎక్కువసేపు దాచుకోలేవు, పక్కనున్న ఆక్సిజన్‌కు అంటగడతాయి. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ చర్మ కణాల మీద పడుతుంది. మామూలుగా అరగంట ఎండకు ఏమీ కాని చర్మం మందు ఉన్న రోజు అదే అరగంటకు కమిలిపోతుంది. ఈ పనిలో పెద్ద వాటా 320 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ-ఎ కిరణాలది. వాటికంటే పొట్టి తరంగాల యూవీ-బి మామూలు గాజు దగ్గరే దాదాపు ఆగిపోతుంది. యూవీ-ఎ చాలావరకు దూరి లోపలికి వస్తుంది. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది కాబట్టి యూవీ-ఎను బాగానే ఆపుతుంది, పక్క అద్దాలు సాధారణంగా అలాంటివి కావు. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. ఇలాంటి మందు వాడుతున్న డ్రైవర్‌కు ఎడమ చేతికంటే ముందు కుడి ముంజెయ్యి కమిలిందంటే కారణం ఆ కిటికీయే.

డాక్టర్లు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. పైన చెప్పింది ఫొటోటాక్సిక్ రకం. ఇది అలర్జీ కాదు. తగినంత మందు, తగినంత ఎండ కలిస్తే ఎవరికైనా రావచ్చు. నిమిషాల నుంచి గంటల్లో మొదలవుతుంది, దురద కంటే మంట ఎక్కువ, ఎండ తగిలిన మేరకే ఉంటుంది. రెండోది ఫొటోఅలర్జిక్. ఇది కొందరికే వస్తుంది. మొదటిసారి వాడినప్పుడు ఊరుకుని, తర్వాతెప్పుడో ఎండకు వెళ్లిన ఒకటి రెండు రోజులకు దురదతో, గజ్జిలాంటి పొక్కులతో బయటపడుతుంది. బట్ట కింద ఉన్న చోటికీ పాకుతుంది. మొదటి రకంలో మోతాదు తగ్గినా, ఎండ తగ్గినా చాలావరకు నెగ్గుకు రావచ్చు. రెండో రకంలో సాధారణంగా మందే మార్చాల్సి వస్తుంది.

ఇది ఎండ వల్లే వచ్చిందా, ఇంకేదైనా కారణమా అన్నది ఒంటి మీద గీతలు చూస్తే సగం తెలిసిపోతుంది. చొక్కా గుండీ విప్పిన చోట మెడ కింద త్రికోణం, జాకెట్టు మెడ ఎక్కడ ఆగిందో వీపు మీద అక్కడ గీత గీసినట్టు హద్దు, చెప్పు పట్టీల ఆకారంలో పాదం మీద తెల్ల చారలు. వాచీ కింద చర్మం ఎప్పటిలాగే ఉంటుంది. గడ్డం కింద, చెవుల వెనక, పై కనురెప్పల మడతల్లో, అంటే ముఖం తన నీడ తానే వేసుకునే చోట్ల ఏమీ ఉండదు. ఈ నీడ చోట్లు చూడటం మన దగ్గర మరీ ముఖ్యం, ఎందుకంటే ఇదే వేషంలో వచ్చే మరో తంటా ఉంది. అది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఆ కలుపు మొక్క పొడి గాలిలో ఎగిరి ముఖం మీద, మెడ మీద పడితే వచ్చే దద్దురు కూడా అచ్చం ఎండ దద్దురులాగే కనిపిస్తుంది. అయితే గాలికి నీడతో పని లేదు. కనురెప్పల మడతల్లో, చెవుల వెనక, మోచేతి వంపులో కూడా దద్దురు ఉంటే మందును అనుమానించే ముందు చేను గట్టును అనుమానించాలి.

మందుల కాగితాల్లో రాసే వర్ణన కూడా మన ఒంటికి సరిగా అతకదు. ఎండ తగిలిన చోట చర్మం ఎర్రబడుతుందని రాస్తారు. అది తెల్ల చర్మాన్ని చూసి రాసిన మాట. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు అంతగా కనిపించదు. కనిపించేది నలుపు, బూడిద రంగు, ఒక్కోసారి ఊదా. "ఎండన పడి తిరిగి నల్లబడ్డాడు" అనేస్తారు గానీ ఎవరూ మందు దాకా వెళ్లరు. మంట తగ్గాక కూడా ఆ నలుపు నెలల తరబడి ఉండిపోతుంది. దాన్ని పోగొట్టుకోవడానికి మెడికల్ షాపులో తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడి, ఎండలోకి అడుగుపెడితే చాలు మండుతుంది. మందు వల్ల వచ్చిన బాధకు వెతుక్కున్న మందు అదే బాధను రెట్టింపు చేయడం అంటే ఇదే.

ఏయే మందులు అంటే జాబితా పెద్దది. అన్నింటికీ ఒకే బలమూ లేదు. రోజువారీ వాడకంలో ఎక్కువగా తగిలేది ఒక అక్షరం. బీపీ మాత్రల అట్ట మీద పేరు చివర హెచ్ అని ఉంటే టెల్మిసార్టనో లోసార్టనో ఉన్న మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా కలిపారని అర్థం, సాధారణంగా 12.5 మిల్లీగ్రాములు. ఒంట్లో ఉప్పును, నీటిని మూత్రంలో పంపి బీపీ తగ్గించే మందు ఇది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నవాళ్లే ఎక్కువ. కొందరికి ఎండ పడదు. డెన్మార్క్ ఆరోగ్య రికార్డుల ఆధారంగా చేసిన అధ్యయనాలు ఈ మందుకూ మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లకూ సంబంధం ఉందని చూపించాక, 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు కాగితంలో ఆ హెచ్చరిక చేర్పించింది. ఈ వార్త వాట్సాప్‌లో తిరిగినప్పుడు అంకెలు రాలేదు, క్యాన్సర్ అన్న మాట ఒక్కటే వచ్చింది. ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం అదనంగా వచ్చేది ఏడాదికి సుమారు 16,000 మందిలో ఒకరికి. తెల్లజాతివారిలో, మొత్తం మీద 50,000 మిల్లీగ్రాములకు పైగా వాడినవారిలో 6,700 మందికి ఒకరు. రోజుకు 12.5 చొప్పున 50,000 మిల్లీగ్రాములు అంటే 4,000 రోజులు, దాదాపు 11 ఏళ్లు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆ ముప్పును ఇంకా తగ్గిస్తుంది. ఆ భయంతో మాత్ర మానేసి బీపీని గాలికి వదిలేస్తే పక్షవాతం ముప్పు దీనికి ఎన్నో రెట్లు. చర్మం మీద కొత్త మచ్చలు ఉన్నవాళ్లు, ఇంతకుముందు చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడిగి వేరే మందుకు మారవచ్చు. మిగతావాళ్లు ఎండను చూసుకుంటే చాలు.

తామరకు వాడే గ్రిసియోఫుల్విన్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, మూత్రంలో మంటకు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం, మానసిక జబ్బులకు వాడే క్లోర్‌ప్రోమజైన్, కాళ్ల వాపులకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్, ఇవన్నీ ఈ కోవలోవే. మోకాళ్ల నొప్పులకు రుద్దుకునే కీటోప్రొఫెన్ జెల్ పైపూత కదా అని చిన్నచూపు చూస్తారు గానీ, రాసిన చోట ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. వాడటం మానేశాక కూడా రెండు వారాలు ఆ చోటును కప్పుకోవాలి. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు ఇచ్చే పిర్ఫెనిడోన్, ఫంగస్‌కు నెలల తరబడి వాడే వొరికొనజోల్ మాత్రం వేరే తరగతి. వీటిని రాసేటప్పుడే డాక్టర్లు ఎండ సంగతి చెప్పాలి. వొరికొనజోల్ దీర్ఘకాలం వాడినవారిలో చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఉంది కాబట్టి చర్మ పరీక్షలు తప్పవు.

క్షయ మందుల దగ్గర ఒక విచిత్రం ఉంది, దానికి తెలంగాణ చరిత్రతో చుట్టరికం కూడా ఉంది. ఐసోనియజిడ్ ఒంట్లో బి6 విటమిన్‌ను దెబ్బ తీస్తుంది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్ అనే మరో బి విటమిన్ తయారు కావాలంటే బి6 కావాలి. నియాసిన్ తగ్గితే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లగా, గరుకుగా, పగిలిన తారులా మారడం దాని గుర్తు. మెడ చుట్టూ పట్టెడ పెట్టినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ జబ్బు దక్కనులో జొన్న తప్ప మరో తిండి లేని పేదల్లో బాగా ఉండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం దీని మీద పనిచేసి, జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చని ప్రతిపాదించింది. దాని మీద వాదోపవాదాలు తర్వాత చాలానే నడిచాయి. జొన్నలు మంచివేనని ఇప్పుడు అందరూ తింటున్నారు, పప్పు, పాలు, గుడ్డు పక్కన ఉంటే భయమేమీ లేదు. అసలే తిండి సరిగా లేని మనిషి, అందులో మద్యం అలవాటు ఉన్న మనిషి, క్షయ మందులు మొదలుపెట్టాక చేతులు నల్లబడి పగులుతున్నాయంటే మాత్రం దాన్ని ఎండ కిందో, వేడి కిందో వదిలేయకూడదు. కావలసింది సన్‌స్క్రీన్ కాదు, విటమిన్ మాత్ర. క్షయ మందు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకూడదు.

ఎండ పడకపోవడాన్నే మందుగా వాడుకున్న సంప్రదాయం కూడా మనకుంది. బొల్లి మచ్చలకు ఆయుర్వేదంలో బావంచాల గింజలు వాడి ఎండలో కూర్చోబెట్టేవారు. ఆ గింజల్లో చర్మానికి ఎండ ప్రభావాన్ని పెంచే సొరాలెన్ అనే పదార్థం ఉంది. ఆధునిక వైద్యంలో పూవా అని పిలిచే చికిత్స సూత్రం కూడా అదే: సొరాలెన్ మాత్ర వేసుకుని, రెండు గంటల తర్వాత కొలిచిన మోతాదులో యూవీ-ఎ పెట్టించుకోవడం. యంత్రం అందుబాటులో లేని చోట మన డాక్టర్లు సూర్యుడితోనే పని కానిస్తారు, మొదట కొన్ని నిమిషాలు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ. ఇక్కడ కొలతే ప్రాణం. బావంచాల నూనె కొనుక్కుని లెక్క లేకుండా పట్టించి ఎండలో కూర్చున్నవాళ్లు బొబ్బలతో ఆసుపత్రికి వస్తారు. మాత్ర వేసుకున్న రోజంతా కళ్లకు యూవీ ఆపే అద్దాలు ఉండాలి.

ఇక కాపాడుకోవడం. ఏ వ్యాసం తీసినా మొదటి మాట సన్‌స్క్రీన్. మన దగ్గర మొదటి మాట బట్ట కావాలి. లెక్క చూడండి. ట్యూబ్ మీద రాసిన ఎస్‌పీఎఫ్ అంకె, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, నిజం కావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాయాలి. ముఖానికీ మెడకూ కలిపి ఒక్కసారికి గ్రాము పైనే, అంటే రెండు వేళ్ల పొడవునా పిండినంత. బయట పని చేసేవాళ్లు రెండు గంటలకోసారి రాసుకోవాలి. రోజుకు మూడుసార్లు అనుకున్నా 50 గ్రాముల ట్యూబ్ రెండు వారాలకు అయిపోతుంది, అదీ చేతులకు రాయకుండా. కూలి పని చేసే ఇంట్లో అది జరిగే పని కాదు. మన దేశంలో సన్‌స్క్రీన్ చట్టం దృష్టిలో సౌందర్య సాధనమే, రోగికి ఎంత అవసరమైనా.

మిరప కోతకు, ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్లను చూస్తే ఈ సమస్యకు జవాబు సగం కనిపిస్తుంది. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకు చెవులు మూసేలా తువ్వాలు, దాని కొస ముక్కు మీదుగా. దుమ్ముకూ వేడికీ వాళ్లు కనిపెట్టుకున్న ఏర్పాటు కిరణాలకూ పనికొస్తోంది. మిగిలేది ముక్కు కొన, చేతుల వెనక భాగం, పాదాల పైభాగం. ఉన్న కాస్త క్రీమూ అక్కడ రాస్తే ట్యూబ్ ఎక్కువ రోజులు వస్తుంది. బట్ట ఎంచుకునేటప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. నేత సందుల్లోంచి వెలుగు చుక్కలు కనిపిస్తే కిరణాలూ దూరతాయి. చల్లగా ఉంటుందని వేసుకునే పల్చని తెల్ల నూలు చొక్కా ఈ పనికి అంత మంచిది కాదు, చెమటకు తడిస్తే ఇంకా తక్కువ. దట్టమైన నేత, కాస్త ముదురు రంగు నయం. వేడి లెక్కకూ కిరణాల లెక్కకూ ఇక్కడ నేరుగా గొడవ వస్తుంది. మే నెల మధ్యాహ్నం ముదురు రంగు దళసరి చొక్కాతో పొలంలో పని చేయమంటే వడదెబ్బకు దారి చూపినట్టే. ఆ రోజుల్లో పని వేళ మార్చుకోవడం తప్ప దారి లేదు.

వేళకు గడియారం కూడా అక్కర్లేదు. నీడ చాలు. తన నీడ తనకంటే పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు బలంగా ఉన్నట్టు. చలికాలం ఎండ మంచిదన్న నమ్మకానికి జవాబు కూడా ఈ నీడలోనే ఉంది: పగలు అతి తక్కువగా ఉండే డిసెంబరు 21న సైతం హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం మనిషి నీడ మనిషికంటే పొట్టిగానే పడుతుంది. గల్ఫ్‌లో సైట్ల మీద పనిచేసే మనవాళ్లకు ఇంకో చిక్కు. ఇసుక పడిన కిరణాల్లో 15 శాతం దాకా తిప్పి కొడుతుంది, కాబట్టి టోపీ ఉన్నా కింది నుంచి గడ్డానికి తగులుతుంది. సెలవుకు వచ్చి మూడు నెలలకు సరిపడా బీపీ మాత్రలు కట్టించుకుని వెళ్లేటప్పుడు, అక్కడ ఎండలో పని అన్న సంగతి ఇక్కడి డాక్టర్‌కు చెప్పడం అవసరం.

సన్‌స్క్రీన్ కొనగలిగినవాళ్లు ఎస్‌పీఎఫ్ అంకె ఒక్కటే చూసి మోసపోకూడదు. ఆ అంకె ముఖ్యంగా యూవీ-బి గురించి. ఈ మందులకు ముఖ్యమైన యూవీ-ఎ సంగతి ట్యూబ్ మీద పీఏ అన్న అక్షరాల పక్కన ఉండే ప్లస్ గుర్తులు చెబుతాయి. మూడు నాలుగు ప్లస్‌లు ఉన్నది, వీలైతే జింక్ ఆక్సైడ్ ఉన్నది మేలు. కొన్ని సన్‌స్క్రీన్‌లలోని ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలే ఫొటోఅలర్జీ తెస్తాయి, అందుకే రాసుకున్నాక దురద పెరిగితే ట్యూబ్‌నూ అనుమానించాలి.

మాత్ర రాత్రికి మార్చుకుంటే పోదా అని చాలామంది అడుగుతారు. ఒంట్లోంచి త్వరగా పోయే మందులకు అది కొంత పనిచేస్తుంది, డాక్టర్‌ను అడిగి మార్చుకోవచ్చు. డాక్సీసైక్లిన్ సగం తగ్గడానికే 16 గంటల పైన పడుతుంది కాబట్టి పెద్ద లాభం లేదు. పైగా రాత్రి గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే మాత్ర గొంతు గొట్టంలో అతుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లు తాగి, అరగంటైనా కూర్చోవాలి.

ఇదంతా మందు ఇచ్చేటప్పుడు ఎందుకు చెప్పరు? అట్ట కత్తిరించి నాలుగు మాత్రలు కాగితం కవరులో వేసి ఇచ్చే చోట కంపెనీ పెట్టిన సమాచార కాగితం రోగి దాకా రాదు. వచ్చినా అది ఇంగ్లిష్‌లో, ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది. కవరు మీద ఉదయం, రాత్రి అని గీతలు గీసే ఆ పెన్నుతోనే "ఎండలో తిరగొద్దు" అని రెండు ముక్కలు రాయడానికి ఖర్చేమీ కాదు. కుష్ఠు మందుల్లో ఉండే క్లోఫాజిమైన్ విషయంలో ఈ ముందు మాట ఇంకా అవసరం. అది చర్మానికి ఎర్రటి గోధుమ రంగు పట్టిస్తుంది, ఎండ తగిలే ముఖం మీద అది ముదురుతుంది. ఆ రంగు చూసి ఊరు జబ్బును పోల్చుకుంటుందన్న భయంతోనే కొందరు మందు మానేస్తారు. రంగు మందుదనీ, మందు అయిపోయాక మెల్లగా పోతుందనీ ముందే తెలిస్తే ఓర్చుకోవడం వేరుగా ఉంటుంది.

కమిలిన చోట చల్లని తడిగుడ్డ, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. మంట ఎక్కువగా ఉంటే డాక్టర్ కొద్దిరోజులకు తేలికపాటి స్టెరాయిడ్ పూత రాస్తారు. నిమ్మరసం మాత్రం అస్సలు రాయకూడదు, అందులోనూ సొరాలెన్ లాంటి పదార్థాలున్నాయి. జ్వరం, నోట్లో కళ్లలో పుండ్లు, బట్ట కింద కూడా చర్మం ఊడిరావడం ఉంటే అది ఎండ బాధ కాదు, మందు వికటించడం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మందు ఆపాక ఎన్నాళ్లు జాగ్రత్త అన్నది మందును బట్టి ఉంటుంది. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ కొవ్వులో చేరి నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. ఆపేశాక కూడా ముఖం మీద నీలి బూడిద ఛాయ అంత తొందరగా వదలదు. డాక్సీసైక్లిన్ కొద్దిరోజుల్లో ఒంట్లోంచి పోతుంది, కానీ దాని ఆనవాలు ఒకటి ఆలస్యంగా బయటపడుతుంది. కోర్సు అయిపోయిన వారానికో రెండు వారాలకో కొందరికి చేతి గోళ్లు కొస దగ్గర నొప్పితో లేస్తాయి. గోరు పారదర్శకం కాబట్టి కిందికి దిగిన కిరణాలు చేసిన పని అది. మందు గుర్తుండదు, ఫంగస్ అనుకుని మరో మందు మొదలుపెడతారు. చేతి గోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, పాతది పూర్తిగా పోయి కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా గోరు పొట్టిగా కత్తిరించుకోవడం, గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకోవడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు.